హీటరు వేసుకుని తిరిగే కస్తూరి

ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్‌లో అక్టోబరు వచ్చిందంటే జనం మాటలు మానేసి ఉస్సురుమంటూ ఉంటారు. వానలు ఎక్కడో ఉంటాయి, ఉక్క మాత్రం ముందే వచ్చి కూర్చుంటుంది. అలాంటి ఉక్కలో కారు అద్దాలన్నీ దించి, లోపల హీటరు పూర్తిగా తిప్పి, కందిపోయిన మొహంతో పాటలు పాడుకుంటూ పోయే ఆడమనిషి ఊరు మొత్తానికి ఒక్కతే. ఆవిడ పేరు కస్తూరి. పాలకొల్లు వైపు పిల్ల, ఇక్కడి ఆసుపత్రిలో నర్సు.

ఆవిడకి పిచ్చేమీ లేదు. కారు ముసలిది. రేడియేటరు కారుతోంది, ఇంజను వేడెక్కి ఆవిరి కక్కుతోంది. హీటరు వేస్తే ఆ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది కాబట్టి ఇంజను బతుకుతుంది. లోపల కూర్చున్నవాళ్ళు బతుకుతారా లేదా అన్నది వేరే సంగతి. ఏసీ అయితే కిందటేడే పోయింది.

నిజానికి ఏసీ పోయిన రోజు నుంచే కస్తూరికి మంచి రోజులొచ్చాయి. అంతకుముందు కారు ఆవిడదన్న మాటే గానీ, సీట్లన్నీ తెలుగు చర్చి సంఘానివి. "మీరెలాగూ అటే కదమ్మా" అంటూ ఎక్కేసేవాళ్ళు. ఆవిడ ఎటు వెళ్ళినా వాళ్ళకి అటే. అందరిలోకీ లలితకుమారి ఆంటీ ఘనురాలు. డ్యూటీ దిగే వేళకి ఆసుపత్రి గేటు దగ్గర కూరగాయల సంచులతో సిద్ధంగా ఉండి, ఎక్కింది మొదలు దిగేదాకా మోకాళ్ళ నొప్పుల పురాణం విప్పేది. రోజంతా వార్డులో అదే విని వచ్చిన మనిషికి అది రెండో డ్యూటీ. ఏసీ పోయాక ఆంటీ ఒక్కసారే ఎక్కింది. సగం దారిలో బస్‌స్టాపు కనపడగానే, "ప్రాణం ఉండగానే దింపెయ్యి తల్లీ, బస్సులో పోతాను" అని దిగిపోయింది. ఆదివారానికల్లా ఆ కబురు సంఘమంతా పాకింది. ఆ తర్వాత కస్తూరిని లిఫ్టు అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అప్పటినుంచి ఆసుపత్రికీ, పామర్‌స్టన్‌లో ఉన్న ఇంటికీ మధ్య దారి కస్తూరి సొంతమైంది. ఆ దారిలో ఆవిడ పాత సినిమా పాటలు గొంతెత్తి పాడేది. సూపర్‌వైజరుని అచ్చ తెలుగులో తిట్టేది. మిక్చరు పొట్లం ఒక్కతే ఖాళీ చేసేది. వార్డులో ఎవరైనా పోయిన రోజున ఏడ్చేది కూడా. ఇంటికెళితే మొగుడుంటాడు, కూతురుంటుంది, ఫోను మోగుతూనే ఉంటుంది. నిమ్మళంగా ఏడవడానికి ఆవిడకి ఆ కారు తప్ప ఇంకో గది లేదు.

మొగుడు రత్నరాజుకి ఈ సంగతి తెలియదు. రత్నరాజు మంచివాడు, అదే వచ్చిన చిక్కు. ఎవరికే సాయం కావాలన్నా వెంటనే ఒప్పుకుని పెళ్ళాన్ని పంపిస్తాడు. రేడియేటరు సంగతి వినగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"రిపేరు చేయించేదేంటే, ఆ డొక్కుని తీసి పారేద్దాం. సెవెన్ సీటర్ తీసుకుందాం. సండే పికప్‌కి ఈజీగా ఉంటది."

"పికప్ ఎవరు చేస్తారండీ?"

"నువ్వున్నావు కదా."

సోఫాలో పడుకున్న కూతురు జెన్సీ ఫోనులోంచి తల ఎత్తకుండానే, "మమ్, ఇట్స్ అ సౌనా ఆన్ వీల్స్. జస్ట్ లెట్ ఇట్ డై" అంది. సౌనా అంటే జనం చెమట పట్టించుకోడానికి కూర్చునే ఆవిరి గది.

ఆ ఆదివారం రత్నరాజు ఈ విషయాన్ని ప్రార్థన మనవుల్లో పెట్టేశాడు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, మా సహోదరికి ఏడు సీట్ల బండి, మంచి ఏసీతో సహా, త్వరగా దయచేయమని ప్రభువుని వేడుకున్నారు. రంగొక్కటే ఆయన ఇష్టానికి వదిలేశారు. సంఘమంతా ఆమెన్ అంది. లలితకుమారి ఆంటీ రెండుసార్లు అంది. కస్తూరి కూడా కళ్ళు గట్టిగా మూసుకుని, 'ప్రభువా, వీళ్ళ మాట వినకు' అని ప్రార్థించింది.

దేవుడు ఎవరి మాట వింటాడో తేల్చుకునేదాకా ఆగడం మంచిది కాదనిపించి, మర్నాడే కారుని మెకానిక్ మనోలిస్ దగ్గరికి తోలుకెళ్ళింది. మనోలిస్ గ్రీకువాడు. అతని వచ్చీరాని ఇంగ్లీషులోనే బేరం సాగింది.

"దీనికి రేడియేటరు మార్చడమంటే చావుకి సిద్ధంగా ఉన్నవాడికి పళ్ళు కట్టించడమే" అన్నాడతను. "మారిస్తే మాత్రం ఇంకొన్నాళ్ళు లాగుతుంది. ఏసీలో పోయింది చిన్న ముక్కే. అది ఊరికే వేసిస్తాలే."

"ఏసీ వద్దు."

"డార్విన్‌లోనా?"

"డార్విన్‌లోనే."

మనోలిస్ బానెట్ ఎత్తాడు. ఇంటికొచ్చాక కస్తూరి మొగుడితో, రేడియేటరు బాగైంది గానీ ఏసీ కుదరలేదని చెప్పింది. కొత్త బండి మాట ఆ పూటకి వెనక్కిపోయింది.

సంఘంలో పెట్టిన మనవికి సంఘంలోనే సాక్ష్యం చెప్పాలి. పై ఆదివారం రత్నరాజు మోచేత్తో పొడిచి మరీ లేపాడు. కస్తూరి లేచి, కారు బాగైందని, దేవునికి స్తోత్రమని ముక్తసరిగా చెప్పి కూర్చోబోయింది. ఇంతలో లలితకుమారి ఆంటీ లేచింది.

"పాపం, ఆ పిల్ల ఏసీ చేయించుకోలేకపోయిందంట. మన బిడ్డ అలా ఉడికిపోతుంటే చూస్తా ఊరుకుంటామా అండి? తలా కొంచెం వేద్దాం."

అప్పుడే వెనక వరసలో కానుకల సంచి బయల్దేరింది. జనం నిజమైన ప్రేమతో జేబులు తడుముకుంటున్నారు. కూర్చోబోయిన కస్తూరి మళ్ళీ నిటారుగా నిలబడింది. ఆ సంచి తన దాకా వస్తే, ఇక బతికినన్నాళ్ళూ వాళ్ళ డబ్బుతో చల్లబడిన కారులో వాళ్ళని మోయాలి.

"ఆపండి ఆంటీ" అంది. "ఏసీ ఊరికే వేస్తానంటే నేనే వద్దన్నాను. ఏసీ ఉంటే అందరూ ఎక్కుతారు. డ్యూటీ దిగాక ఇంటికెళ్ళేదాకా నాకు ఎవరూ వద్దండి. కాసేపు ఒక్కదాన్నే ఉండాలి. అంతే."

సంచి ఎక్కడిదక్కడ ఆగిపోయింది. రత్నరాజు పాటల పుస్తకంలో తల దూర్చాడు. కస్తూరికి సిగ్గేసింది, భయమేసింది, చెప్పినందుకు హాయిగానూ ఉంది. అయినా కూర్చోలేదు.

ముందు వరసలో పాస్టరమ్మగారున్నారు. ఒళ్ళో ఎవరిదో పిల్ల, కాళ్ళ దగ్గర ఎవరివో సంచులు. పాస్టరుగారి ఇంట్లో చుట్టాలు లేని రోజుండదు, ఆ తలుపుకి గడియ పడగా చూసినవాళ్ళు లేరు. ఆవిడ తల తిప్పకుండానే, "ఆమెన్" అన్నారు. పాస్టరుగారి ప్రార్థనలకి కూడా ఆవిడ అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు.