పసుపు సంచులతో ప్రొఫెసరైన మా లోహిత

మా తమ్ముడు దామోదరం కూతురు లోహిత నగరిలో మగ్గం ఇంట పుట్టింది. తిరుపతిలో చరిత్ర ఎం.ఏ. చదివి బంగారు పతకం తెచ్చుకుంది. అంగళ్లు మన కోరికలను ఎట్లా పెంచాయనే దాని మీద పరిశోధించి డాక్టరయింది. సూదిమందు వేసే డాక్టరు కాదని వీధిలో ఇప్పటికీ నేనే విడమరచి చెబుతున్నాను. ఢిల్లీ సభలో మాట్లాడితే పేపర్లో ఫొటో కూడా పడింది. వెనక వరుసే, కానీ పోల్చుకోవచ్చు.

బట్టల కొట్లలో, పెళ్లిళ్లలో ఇచ్చే పసుపు గుడ్డసంచుల మీద అచ్చేసిన పేర్లు, తేదీలు స్కాన్ చేసి, ఏ కాలంలో ఏ ఊరివాళ్లు ఏ కొట్టుకు వెళ్లారో కంప్యూటర్ పటంలో చూపాలని ఆమె పట్టుదల. సోమవారం యూనివర్సిటీలో ఇంటర్వ్యూ. ఆ పటం చూపలేకపోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోవలసిందే. సంచులు అడిగే భారం నేను తీసుకున్నాను. నా మాట కాదనేవాళ్లు మా వీధిలో లేరు.

ఆదివారం పొద్దున మా వరండా చూసి లోహిత నిలబడిపోయింది. ఒక్క సంచీ ఖాళీగా లేదు. టమాటాలు, మునక్కాయలు, చెనిక్కాయలు.

"ఏంది పెదనాయనా ఇది? నేనడిగింది వట్టి సంచులు కదా!"

"ఇంటి ఆడబిడ్డకు వట్టి సంచి ఎవురన్నా ఇస్తారా మే?" అంది ఎదురింటి చౌడేశ్వరి.

"సరే అత్తా, స్కాన్ చేసి సంచి తిరిగిచ్చేస్తా."

"వట్టిదా? మీ నాయన నేర్పించింది ఇదేనా?"

చేసేది లేక లోహిత అన్నీ పాత చీర మీద కుమ్మరించి, సంచులు స్కాన్ చేసి, చేతికి అందినవాటితో మళ్లీ నింపింది. సాయంత్రం సంచులు తీసుకోవడానికి వచ్చిన వీధి జనం జగడానికి దిగారు.

"ఈ టమాటాలు నాకొద్దు. ఆ చెన్నపట్నం పట్టుకొట్టు సంచిలోవి కావల్ల," అంది చౌడేశ్వరి.

"అవీ ఇవీ ఒక కుప్పలోవే అత్తా!"

"అయితేనేం? ఆ సంచిలోవి నిగనిగలాడతా ఉండాయి, సూడు!"

"నాకూ అవే," అన్నాడు మగ్గాల సుబ్రమణ్యం. "ఆ సంచి నాదయితే అందులో కాయలు నీకెందుకు పోవల్ల?"

నేను పెద్దమనిషిగా సర్దిచెప్పబోయాను. లోహిత నన్ను ఆపి, ఫోన్ తీసి, ఎవరికి ఏ సంచి కాయలు కావాలో, ఎందుకో అడిగి రికార్డు చేసుకుంది.

సోమవారం కమిటీవాళ్లు పటం బాగుందన్నారట. రికార్డు విన్నాక మాత్రం నవ్వాపుకోలేక, మళ్లీ వినిపించమన్నారట. అంగడి పేరే కోరిక పెంచుతుందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలన్నారట. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

ఇప్పుడు మా లోహిత అసిస్టెంట్ ప్రొఫెసర్. మా టమాటాలు బాగున్నాయని పెద్ద చదువులవాళ్లే ఒప్పుకున్నారని చౌడేశ్వరి వీధంతా చెప్పుకుంటోంది.