యాభైకి తక్కువ

బాతులు వెళ్ళిపోతున్నాయంటే పక్షి ప్రేమికులు నిట్టూరుస్తారు. మా రెట్టల దొర మాత్రం వాటి దారి ఖర్చులు తానే పెట్టుకుంటానన్నంత ఉత్సాహంగా సాగనంపుతాడు. ఇది ద్వేషం కాదు. బాతులు వెళ్తే గానీ ఆయన ఇల్లు చేరడు.

రెట్టల దొర అన్నది సాటి ఉద్యోగులు ప్రసాదించిన బిరుదు. వలస పక్షుల్లో బర్డ్ ఫ్లూ ఉందో లేదో కనిపెట్టే శాఖలో పదకొండేళ్ళుగా ఆయన ఉద్యోగం. చలికాలం మొదట్లో సరస్సు పక్కనున్న గదిలో దిగుతాడు. పొద్దున్నే గట్టు మీది తాజా రెట్టలను దూది చుట్టిన పుల్లతో అద్ది, గొట్టాల్లో వేసి, ఐసుపెట్టెలో పేర్చి ల్యాబుకు పంపుతాడు. సాయంత్రం నీటి మీద ఎన్ని బాతులున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాస్తాడు. ఎండిన రెట్ట పరీక్షకు పనికిరాదు. ఏది ఇవాళ్టిదో, ఏది నిన్నటిదో ఆమడ దూరం నుంచే చెప్పగల దిట్ట ఆయన. ఇంతటి విద్యను పెళ్ళికి ముందు ఎందుకు దాచారని ఇల్లాలు ఇప్పటికీ దెప్పుతుంది.

మూడేళ్ళ కిందట ఆ ఇల్లాలు కోళ్ళ ఫారంలో సూపర్‌వైజరుగా చేరింది. గేటు లోపలికి వెళ్ళేముందు స్నానం, బయటికి వచ్చేముందు స్నానం. వాటితోపాటు ఒక నిబంధన: అడవి పక్షులను ముట్టే మనిషితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు ఫారంలో అడుగు పెట్టరాదు. ఆ విధంగా నలభై వేల కోళ్ళ క్షేమం కోరి ఒక కాపురం ఏటా నాలుగు నెలలు రెండు ముక్కలైంది. కోళ్ళకు ఈ త్యాగం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

అంతకుముందు ఆయన రోజూ ఇంటి నుంచే సరస్సుకు వెళ్ళొస్తుండగా, ఏడేళ్ళు ఒకే కప్పు కింద ఉండి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నదంతా గ్యాసు బండ గురించి, కుళాయి నీళ్ళ గురించి. ఇప్పుడేమో ఆరు ఎప్పుడవుతుందా అని గడియారం వైపు చూడటమే. ఆ వేళకు ఆమె ఫారం స్నానం ముగించుకుని ఇల్లు చేరుతుంది. ఇక్కడ ఆయనా ఒళ్ళు రుద్దుకుని కూర్చుంటాడు. తడి జుట్టుతో ఇద్దరూ ఫోన్లు పట్టుకుంటారు. అవతల తువ్వాలు విదిలించిన చప్పుడు కూడా ఆయన చెవి ఒగ్గి వింటాడు. ఆ తర్వాత ఆమె మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఎన్ని?"

బాతులు యాభైకి లోపు తగ్గితే శిబిరం ఎత్తేయవచ్చు. అంటు భయం తీరడానికి మరో వారం ఆగి ఇంటికి వెళ్ళవచ్చు. అదీ శాసనం. ఈ ఏడు వాటికి ఏం మర్యాదలు నచ్చాయో గానీ కదలనంటున్నాయి. రెండు వందలు, నూట ఇరవై, డెబ్భై అంటూ బుద్ధిగా దిగివచ్చిన లెక్క యాభై మూడు దగ్గర చతికిలబడింది. ఐదు రోజులుగా అదే అంకె.

"నాలుగు మునిగున్నాయనుకోండి," అందామె.

"మునిగినవి తేలతాయి కదే."

"మీరు రాసేదాకా తేలకపోతే చాలు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మాటల్లో మాటగా ఆమె ఇంకో సంగతి చెప్పింది. మంచం మీద ఆయన వైపు ఖాళీగా కనబడకుండా ఉతికిన బట్టలు మడతపెట్టి పేరుస్తోందట. తమాషాగానే చెప్పింది. ఆయనకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు లెక్క నలభై తొమ్మిది వచ్చింది. రెండుసార్లు చూశాడు, రెండోసారి కాస్త తొందరగా. కాగితం మీద రాసి, ఆరు కొట్టగానే ఆ శుభవార్త విన్నవించాడు.

అవతల తువ్వాలు విదిలించడం ఆగింది.

"నిజంగా నలభై తొమ్మిదా, నాకోసం నలభై తొమ్మిదా?"

పదకొండేళ్ళలో ఆయన లెక్కను ఏ అధికారీ శంకించలేదు. కోపం రావలసిన చోటే, కానీ రాలేదు. అబద్ధం రాయలేదన్నది నిజం. అయితే తన కళ్ళు ఎవరి పక్షం వహించాయో ఆయనకే తెలియదు. కాగితం ఇంకా పంపలేదు, వెలుతురు ఇంకా కొంచెం ఉంది. లైనులో ఉండమని ఫోను జేబులో వేసుకుని మళ్ళీ గట్టెక్కాడు. తుంగ పొద చాటున రెండు బాతులు రెక్కల్లో ముక్కులు దూర్చి కునుకు తీస్తున్నాయి.

"యాభై ఒకటి," అన్నాడు ఫోను తీసి.

"ఊఁ," అందామె, "రేపు లెక్కపెట్టేటప్పుడు నన్ను తలుచుకోకండి."

ఆజ్ఞ శిరసావహించదగినదే గానీ, ఆచరణ ఆయన వల్ల అయ్యేది కాదు. అందుకని మర్నాడు బైనాక్యులర్ సరస్సులో తనను తిప్పే పడవవాడి చేతిలో పెట్టి, తాను కాగితం పట్టుకున్నాడు. పడవవాడు బ్రహ్మచారి. ఎక్కడికీ చేరవలసిన తొందర లేని మనిషి. ఒక్కో బాతునూ యోగక్షేమాలు అడుగుతున్నట్టు నింపాదిగా లెక్కపెట్టాడు.

"యాభై నాలుగు సార్."

"సరిగ్గా చూశావా?"

"ఇంకోసారి చూడమంటే చూస్తాను సార్. పెరుగుతాయేమో."

వద్దన్నాడు. యాభై నాలుగని రాసి, కింద సంతకం చేశాడు. ఆమె ఫోను తీసే వేళకు ఇంకా గంటన్నర ఉంది. అంతసేపూ గట్టు మీదే కూర్చున్నాడు.