ముట్టుకోకూడని నీడిల్

పదేళ్ల కిందట, ఒక జూన్ నెలలో, విశాఖపట్నంలోని వైమానిక క్యాడెట్ల యూనిట్‌కు ఏరోమోడలింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. కాలేజీ విద్యార్థులకు చిన్న విమానాలు తయారుచేయడం, ఎగరేయడం నేర్పడం నా డ్యూటీ. బొమ్మలతో ఆడుకోవడానికి జీతమా అని మా ఆవిడ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. కానీ ఆ విమానం ముక్కుకు బిగించే ఇంజన్ బొమ్మ కాదు. గుప్పిట్లో పడుతుంది గానీ, తిరిగే ఫ్యాన్‌కు వేలు అడ్డం పెడితే వేలు మిగలదు. దానిలో పోసే ఆముదం కలిపిన ఇంధనం వాసన తలచుకుంటే ఈ రోజుకీ ప్రాణం లేచివస్తుంది.

ఆ ఇంజన్ గుట్టంతా నీడిల్ వాల్వ్‌లో ఉంటుంది. తిప్పుతుంటే టిక్కు టిక్కుమనే, సూదిలాంటి చిన్న మర అది. వదులు చేస్తే ఇంధనం ఎక్కువై తెల్లటి పొగ వస్తుంది, ఇంజన్ గొంతు బొంగురుపోతుంది. మరీ బిగిస్తే వేడెక్కి గాల్లోనే ఆగిపోతుంది. సన్నటి కూత వచ్చేదాకా బిగించి, అక్కణ్నుంచి రెండు టిక్కులు వెనక్కి వదలాలి. క్యాడెట్లందరికీ ఇది నేర్పాను. కానీ పోటీ ఇంజన్ మాత్రం నేనే సెట్ చేసి, నీడిల్ మీద గోళ్లరంగుతో గుర్తు పెట్టేవాణ్ని. గుర్తు కదిలితే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించేవాణ్ని. నా చేతి మీద నాకు అంత నమ్మకం. పొగరు అన్నా తప్పులేదు.

ఆ ఏడాది జాతీయ శిబిరానికి ఎంపిక పోటీ మా గ్రౌండులోనే జరిగింది. మా తరఫున క్యాడెట్ సార్జెంట్ సంతోషి దిగింది. పద్మనాభం అనే పల్లె నుంచి రోజూ తెల్లవారుజామునే బస్సెక్కి ప్రాక్టీసుకు వచ్చే రైతుబిడ్డ. డిగ్రీ ఆఖరి సంవత్సరం కావడంతో శిబిరానికి వెళ్లడానికి ఆమెకు అదే చివరి అవకాశం.

నియమాలు కచ్చితంగా ఉండేవి. క్యాడెట్టే ఇంజన్ స్టార్ట్ చేయాలి. మూడు నిమిషాల్లో విమానం నేల విడవాలి. ఇన్‌స్ట్రక్టర్ సున్నం గీతకు బయట నిలబడాలి, నోరు విప్పినా, సైగ చేసినా క్యాడెట్ పోటీ నుంచి అవుట్.

పొద్దున ఏడింటికి చల్లగా ఉండగా ఇంజన్ సెట్ చేశాను. ముఖ్య అతిథి ఆలస్యంగా రావడంతో సంతోషి వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఉక్కపోతకు చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. గాలి వేడెక్కి పలచబడితే, పొద్దుటి సెట్టింగ్‌కే ఇంధనం ఎక్కువైపోతుంది. ఆ సంగతి నాకు గీత బయటికి వచ్చి నిలబడ్డాక తట్టింది.

ప్లగ్‌కు బ్యాటరీ క్లిప్పు తగిలించి స్టార్ట్ చేయాలి, ఇంజన్ అందుకున్నాక క్లిప్పు తీసేయాలి. సంతోషి క్లిప్పు తీయగానే ఇంజన్ తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసింది, మళ్లీ ఆగింది. ఆమె చెయ్యి నీడిల్ దాకా వెళ్లింది. నా వైపు ఒకసారి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. తలూపినా సైగ చేసినట్టే అవుతుందని బిగుసుకుపోయి నిలబడ్డాను. మూడోసారి కూడా ఆగిపోయింది. మూడు నిమిషాలు అయిపోయాయని విజిల్ ఊదేశారు.

షెడ్డులో ఆమె ఇంజన్ మీది జిడ్డు తుడుస్తుంటే, ఏం జరిగిందో అర్థమైందా అని అడిగాను.

"పొగ సూడగానే తెలిసిపోనాది సార్, ఫ్యూయెల్ ఎక్కువయిందని. రెండు టిక్కులు బిగిత్తే సాలు. మీరు ముట్టొద్దన్నారు గదా, నానేటి సేత్తాను?" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. పోటీ ముందు నీడిల్ సెట్టింగ్ పూర్తిగా చెరిపేసి, సొంతంగా సెట్ చేసుకోమని ఇంజన్‌ను క్యాడెట్ చేతికిచ్చేవాణ్ని. రిటైరయ్యేదాకా అలాగే చేశాను. తర్వాతి ఏళ్లలో మావాళ్లు చాలామంది శిబిరాలకు వెళ్లారు. ఇంజన్ కూతను పట్టే చెవి వాళ్లలో ఎవరికీ సంతోషికున్నంత లేదు. ఆమెకు పని బాగా వచ్చు. ఆ రోజు ఓడిపోయింది నా మాట విన్నందుకు.