దెయ్యానికి వదలని ఆరో గది

పుంగనూరులో మా మామకు లైసెన్సున్న పాత రివాల్వరు ఒకటి ఉండేది. ప్రతిసారీ వెనకనున్న సుత్తిని బొటనవేలితో లాగి నిలిపితేనే అది పేలుతుంది. ఊరికే మీట నొక్కితే పేలదు. లాగి నిలిపాక మాత్రం మీట ఎంతో తేలిక. చేయి కదలదు, గురి తప్పదు. లోపలి భాగాలు తక్కువ కాబట్టి చెడిపోవడమూ తక్కువే. అయితే తూటాలు తిరిగే చక్రంలోని గదుల్లో, పక్క సందులోంచి ఒక్కొక్కటే పెట్టాలి, ఒక్కొక్కటే తీయాలి. మీదికొచ్చే అడవిపంది అంతసేపు ఆగదు.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో దాన్ని బాగుచేయించడానికి ఇద్దరం మదనపల్లె వెళ్లాం. మామ బజారు పనిలో ఉండగా, తుపాకులు బాగుచేసే సాయిబు దాన్ని నా చేతికిస్తూ అన్నాడు:

"ఆరు గదులుండాయి. ఐదే నింపండప్పా. సుత్తి కింద గది ఖాళీగా ఉండాల."

"ఆరోది దెయ్యానికా సాయిబూ?"

ఆయన పకపకా నవ్వాడు. "దెయ్యానికే అనుకో పో. ఖాళీగా మాత్రం పెట్టు."

అప్పట్లో నేను సభల్లో దెయ్యాల మీద, ముహూర్తాల మీద నిప్పులు చెరిగేవాణ్ణి. ఇదీ ఆ కోవలోదే అనుకున్నాను. మామ కూడా వాళ్ల నాయన పెట్టేవాడని ఐదే పెట్టేవాడు. ఎందుకో ఆయనకూ తెలియదు.

ఆయుధపూజ నాడు రివాల్వరుకు పసుపు కుంకుమలు పెడుతూ అత్త గదులు చూసింది.

"పండగ పూట ఒకటి బోసిగా ఉండాదేమప్పా?"

పూజల విషయంలో ఆమె మాటను ఏనాడూ ఒప్పుకోని నేను ఆ రోజు ఒప్పుకున్నాను. కొరత ఉండకూడదని ఆమె, దెయ్యానికి వాటా ఇవ్వకూడదని నేను. ఆరో తూటా నా చేతులతోనే పెట్టాను. మామకు చెప్పలేదు.

మరునాడు పందులు తవ్వేస్తున్నాయంటే కుప్పం దగ్గరి శనక్కాయ చేను చూడబోయాం. బండి దిగుతుండగా మామ నడుమునున్న తోలుసంచిలోంచి రివాల్వరు జారి, సుత్తి రాతికి తగిలేలా బండ మీద పడింది. ఆ సుత్తి మొన కింది గదిలోని తూటాకు ఆనుకునే ఉంటుంది. పేలడానికి ఆ దెబ్బ చాలు. గుండు మామ మోకాట్లోంచి దూసుకుపోయింది.

కాలు తీసేశారు. పోలీసులు వచ్చి అడిగితే మామ, "నేనే నింపినా సామీ, మతిలేక" అన్నాడు. మంచానికి అటు అత్త, ఇటు నేను. ఇద్దరం నోరు తెరవలేదు.

తర్వాత సాయిబు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన చేతిలోని ఆకురాయి కింద పెట్టాడు.

"యాల, ఎందుకని ఒక్క మాట అడిగింటే సెప్పేవాణ్ణి గదప్పా. నేనూ నవ్వులాటకు పోతి."

మామ బతికున్నన్నాళ్లూ నా సభలకు వచ్చేవాడు. దేన్నైనా ఎందుకని అడగండి అని నేను గొంతు చించుకుంటుంటే, చంకకర్ర చప్పుడు గుమ్మం నుంచి ముందు వరసకు వచ్చేది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. దెయ్యాలు లేవని ఈనాటికీ చెబుతాను. కానీ ఎందుకని అడగండి అనే మాట దగ్గరికి రాగానే ఆగి, గుమ్మం వైపు చూస్తాను.