ఉడకని అతుకు

మొన్న జగిత్యాల బస్టాండు దగ్గర మా మనుమరాలి స్కూటరు టైరులో మేకు దిగితే, దుకాణంలోని మనిషి చక్రం విప్పకుండానే బంక పూసిన తాడు ముక్కను సూదితో రంధ్రంలోకి దూర్చి, గాలి నింపి పంపించేశాడు. ఏ వాసనా రాలేదు. నాకు తెలిసిన పంచరు దుకాణంలో కిరోసిను పొయ్యి, గంధకం, వేడెక్కిన రబ్బరు కలిసిన ఘాటు ఉండేది. అది బాపు చొక్కాలోనూ, అమ్మ కాల్చిన జొన్నరొట్టెలోనూ, పండుగకు డబ్బాలో దాచిన సకినాల్లోనూ ఉండేది.

కోరుట్లలో బాపు దుకాణం ముందు గదిలో, మా కాపురం వెనక గదిలో. చినిగిన ట్యూబులతో బావి బొక్కెనలు, అరిగిన టైర్లతో చెప్పుల అట్టలు, ఏదీ పనికిరాని ముక్కలు చుట్టి మేం ఆడుకునే బంతులు. బాపు ట్యూబు చిల్లును ఆకురాయితో గీకి, పెట్రోలుతో తుడిచి, పచ్చి రబ్బరు ముక్క అంటించి, వేడి ఇనుప పలకల నడుమ బిగించేవాడు. ఆ తర్వాత పని నాది. అలారం గడియారం ముందు కూర్చుని ఇరవై నిమిషాలు కాగానే చెప్పాలి. అప్పుడు బాపు అతుకు మీద గోరు నొక్కి చూసేవాడు. గోటి గంటు మిగిలితే ఉడకనట్టు, పూడిపోయి మళ్లీ సమమైతే ఉడికినట్టు.

"మీ బాపు పంచరేస్తున్నడో పప్పు వండుతున్నడో ఎరుకైతలేదు పిల్లా" అని రాజలింగం మామ నవ్వేవాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు, దొర ఇంట్లో జీపు నడిపేవాడు.

పచ్చి రబ్బరు అంటే చెట్టు పాలు. ఎండకు బంకవుతుంది, చలికి పెళుసవుతుంది. మధ్య అమెరికా అడవి జనం అందులో ఒక తీగ రసం కలిపి ఎగిరే బంతులు ఏనాడో చేసుకున్నారు. ఎన్నో వందల ఏళ్ల తర్వాత ఒక మొండి మనిషి చేతికందినదల్లా అందులో కలిపి చూసి, గంధకం కలిపిన ముక్క వేడి పొయ్యికి తగిలితే కరగకుండా తోలులా గట్టిపడటం గమనించాడు. అదృష్టం అంటారు. నేను ఒప్పుకోను, ఎంత వేడి, ఎంతసేపు అని తేల్చుకోవడానికి అతనికి మళ్లీ ఏళ్లు పట్టింది. ఆ శ్రమకు ఎవరో రోమనుల అగ్నిదేవుడి పేరు తగిలించారు. మా బోర్డు మీది 'వల్కనైజింగ్' అనే మాటలో ఒక దేవుడు కూర్చున్నాడని కాలేజీకి వెళ్లేదాకా నాకు తెలియదు.

అది ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడిచిన అరవై తొమ్మిది ఎండాకాలం. బడి మూతపడింది, బస్సులు నిలిచిపోయాయి, రోడ్ల మీద టైర్లు తగలబడేవి. ఒకసారి ఉడికిన రబ్బరు మళ్లీ కరగదు, నల్లగా పొగలు కక్కుతూ కాలుతుంది. ఆ మసి ఆరేసిన బట్టల మీద పడేది.

ఒక సోమవారం పొద్దున దొర, ఆయన తల్లి వేములవాడ గుడిలో కోడెను కట్టి మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరారు. ఊరు దాటకముందే జీపు ముందు చక్రంలో మేకు దిగింది. స్టెపినీ లేదు. సోమవారం ఏడున్నరకు రాహుకాలం మొదలవుతుంది, ఆలోగా కదలాలి. బాపు అతుకు బిగించేసరికి సరిగ్గా ఏడు. పన్నెండు నిమిషాలు కాగానే దొర లేచాడు.

"తియ్యిరా ఎల్లిగా, ఇగ చాలు."

"ఇంకా ఉడకలె దొరా" అన్నాడు బాపు.

"ఇంకెనిమిది నిమిషాలు గావాలె" అన్నాను నేను.

"ఆడపిల్లకు గడియారం అప్పజెప్పినవ్, నీ పని గందుకే గిట్లున్నది" అని దొర నవ్వాడు. బాపు నా వైపు చూడకుండా పలకలు విప్పాడు. గోరు నొక్కాడు, గంటు అలాగే ఉంది. "మామా, మెల్లగ పో" అని మాత్రం నేను అన్నాను. మామ తల ఊపాడు. ఏడూ ఇరవై అయిదుకు జీపు కదిలింది.

చందుర్తి చేరకముందే అతుకు ఊడింది. జీపు కల్వర్టు కింద పడింది. దొర తల్లికి చెయ్యి విరిగింది. మామను లారీలో వేసుకుని, కాలుతున్న టైర్ల దగ్గర ఆగుతూ ఆగుతూ సిరిసిల్ల చేరేసరికి ప్రాణం లేదు.

మామ దినాలయ్యాక దొర అరుగు దగ్గర పంచాయితీ పెట్టారు. పంచరు దగ్గర ఆలస్యమైంది, రాహుకాలం చొచ్చింది, అందుకే ఘోరం జరిగింది అని పెద్దలు తేల్చారు. వాళ్ల లెక్క ప్రకారం చూసినా జీపు అయిదు నిమిషాల ముందే కదిలింది. ఆ సంగతి గడియారం చూసిన నాకు తెలుసు. జీపు టైరులో దొరికిందని బాపు తెచ్చిన అతుకు నా పిడికిట్లోనే ఉంది. రోడ్డు మీద హక్కుల కోసం గొంతులు చించుకున్న యువకులు అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డారు. బాపు తల వంచి "తప్పయింది దొరా" అన్నాడు. నేనూ నోరు విప్పలేదు.

అమ్మ ఆ తర్వాత బాపుకు అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, కానీ బాపు పోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. "నీ చేతి నిదానం నా తమ్మున్ని మింగింది" అన్నదే బాపుతో ఆమె ఆఖరి మాట. బాపు పోయిన ఏడాది నేను ఆ అతుకు తెచ్చి ఆమె ముందు పెట్టి, నిమిషాలతో సహా అంతా చెప్పాను. ఆమె దాన్ని వేళ్ల మధ్య తిప్పింది.

"గింత ఎరుకున్నదానివి, ఆయన ఉన్నప్పుడెందుకు చెప్పకపోతివి బిడ్డా?"

రాహుకాలాల మీద, ముహూర్తాల మీద నేను ఎన్నో సభల్లో మాట్లాడాను, ఎందరితోనో వాదించాను. ఆ రోజు మాత్రం అతుకును సకినాల డబ్బాలో పెట్టి మూత బిగించాను.

కోరుట్లలో ఆ దుకాణం లేదు, పలకలు పాత ఇనుముకు పోయాయి. అతుకు ఒక్కటి సకినాల డబ్బాలో ఉంది. చాలా ఏళ్లు ప్రతి ఎండాకాలమూ బంకై డబ్బాకు అంటుకునేది. స్కూటరు బాగుచేయించుకుని వచ్చిన రోజు తీసి గోరు నొక్కి చూశాను. గోరు దిగలేదు, ఉడికి కాదు, ఎండిపోయి. అంచు విరిగి పొడి రాలింది.