చీనీ తాత బొమ్మలు కడిగిన రోజు

మొన్నటి వానకు గోడ బీరువాలోకి నీరు దిగి నా మొదటి డైరీ తడిసింది. ఆ తడి కాగితం వాసన తగలగానే ఒళ్లు మండిపోయింది.

చైనాతో యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు ఎనిమిదేళ్లు. మిలిటరీ కంటోన్మెంటు ఉన్న బొల్లారంలో మా వెనక గదిలో పారిస్‌లో చదువుకున్న చైనా చిత్రకారుడు ఒకాయన అద్దెకుండేవాడు. నేను చీనీ తాత అనేవాణ్ణి. ఒక ఉదయం నాన్న ఆయన బొమ్మ ఒకటి ఎత్తి పట్టుకుని అరిచాడు.

"ఏందిది సాబ్? ఫౌజు బ్యారకులు గీసినవా?"

"కాదు సేట్, మీ కోళ్ల గూడు."

"మా గూడు గంత పొడుగుంటదా? పోలీసోళ్లు జూస్తే నేను సుత లోపలికే! పొద్దుగూకే లోపట అన్నీ మాయం చెయ్, లేకుంటే గది ఖాళీ చెయ్."

తాత బట్టలు నానబెట్టే తొట్టిలో ఇరవై ఏళ్ల నీటిరంగుల బొమ్మలు ఒక్కొక్కటే ముంచాడు. మేము దొండాకుతో పలక రుద్ది మళ్లీ రాసుకున్నట్టే, ఆయనా కొత్తవి గీసుకుంటాడనుకుని నేనూ సాయం కూర్చున్నాను.

పోలీసులు ఎన్నడూ రాలేదు. తాత మళ్లీ కుంచె పట్టలేదు. నాన్న దాన్ని చివరిదాకా ముందుజాగ్రత్త అనే అన్నాడు. పిరికితనం అని ఆయన మొహం మీద అనలేకపోయిన కోపం నాలో ఇంకా ఉంది.

డైరీలో ఆనాటి పేజీ పెన్సిల్‌తో రాసింది, తడిసినా చెరగలేదు: "చీనీ తాత బొమ్మలు కడిగిండు. నన్ను గీసిన బొమ్మ జల్ది పోలేదు. నేనే గట్టిగ రుద్దిన."