ఖోబర్ ఇసుకల యానోష్ అంకుల్ ఊరు

మా చిన్నప్పుడు... సౌదీల అల్ ఖోబర్‌ల మా క్వార్టర్ల ఎన్క, ఇసుకల ఒక హంగేరీ ఊరు ఉండేది. నవ్వకుండ్రి, నిజమే!

మా బాపు ఆ కాంపౌండ్‌ల ఏసీ మెకానిక్. పక్క విల్లాల యానోష్ అంకుల్ అని హంగేరీ ఇంజనీర్ ఉండేటోడు... ఎర్ర ముక్కు, ఒంటరి మనిషి. శుక్రారం సెలవు గదా, పిల్లలందర్నీ పిలిచి ఇసుకల వాళ్ళ ఊరు గీసేటోడు.

పాము లెక్క మెలికలు తిరిగే తీసా నది... నది పొంటి మట్టికట్ట... కట్ట కింద ఊరు, తెల్ల చర్చి, అంగడి. ఎన్కట ఆ నదిల ఉప్పు పడవలు వచ్చేటియట. ఒకపారి టర్కీ సైన్యం ఊరును కాలబెట్టిందట, ఇంకోపారి నదే మింగిందట. మళ్ళ కట్టుకున్నరు. అక్కడి జనం ఇంటి గోడల నిండ ఎర్ర మిరపకాయల దండలు ఆరేస్తరట... మిరపకాయ అనంగనే మా అమ్మకు వాళ్ళు చుట్టాలైపోయిండ్రు!

నేను ఊకుంటనా... ఆయన అటు తిరగంగనే చర్చి మీద ప్లాస్టిక్ ఒంటెను పెట్టేటోణ్ణి.

"ఓరి షైతాన్! మా చర్చి ఫాదర్ ఒంటె మీదెక్కి ప్రార్థనకు పోవాల్నారా?" అని ఉరికించేటోడు.

ఆరో తరగతిల బడి మానేసినోణ్ణి... నాకొచ్చిన జాగ్రఫీ అంత గదే!

ఒకసారి రేడియోల వార్త వచ్చింది. తీసా పొంగిందట. ఊర్ల అంకుల్‌కు ముసలి తల్లి ఒక్కతే. వాళ్ళ వీధికంతటికి ఫోన్ ఫాదర్ ఇంట్లనే... అది కలుస్తలేదు. పోదామంటే పాస్‌పోర్ట్ కఫీల్, అంటే పనికి తెచ్చుకున్న సేఠ్ దగ్గర, ఆ కఫీల్ ఏడికో సఫర్ పోయిండు. దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాయిదం ఎవలిస్తరు?

రేడియో చెవికానిచ్చుకోని కూసున్నడు. అమ్మ పంపిన అన్నం అట్లనే వాపస్ వచ్చేది. మేం ఆటలు బంద్ జేసినం.

ఒకనాడు మధ్యాహ్నం... "తీసాల నీళ్ళు తగ్గుతున్నయట!" బాపు ఖర్జూరాలు పంచిండు. నేను ఎగిరి దుంకిన. అంకుల్ మొఖం మాత్రం పాలిపోయింది.

"అసలు భయం ఇప్పుడే," అన్నడు. "మాది పచ్చి ఇటుకల ఇల్లు. నీళ్ళున్నంతసేపు నిలవడతది... నీళ్ళు పోయినంక నానిన గోడ కూలుతది. మా అమ్మ బురద కడుగుతా అని లోపలికి పోతది. ఆమె సంగతి నాకు తెల్సు."

మన దేశంల మా ఊర్ల ఇల్లు గూడ మట్టిగోడలదే. బాపు ఖర్జూరం డబ్బా కింద పెట్టి, "నడువు భాయ్, ఫోన్ జేద్దాం" అన్నడు. నేను ఎన్కనే పడ్డ.

కాల్ క్యాబిన్‌ల అంకుల్ నంబర్ కొడుతనే ఉన్నడు... కొడుతనే ఉన్నడు. ఒకపారి రింగైంది! అప్పుడే అసర్ అజాన్. నమాజ్‌కు అన్ని దుకాణాలు బంద్ గదా... క్యాబిన్ నడిపే పాకిస్తాన్ చాచా లైట్లార్పి, "సలా హై భాయ్, బాహర్ ఆవో" అన్నడు.

"చాచా, ఈయన తల్లి..." అన్నడు బాపు.

"క్యా కరూఁ భాయ్, తెరిచి పెడితే పోలీసులు నన్నే తీస్కపోతరు," అని షట్టర్ గుంజిండు.

బయట ఎండల నిలవడ్డం. అంకుల్ నీళ్ళు గూడ తాగుతలేడు... ఆ షట్టర్‌నే చూస్తున్నడు.

షట్టర్ లేసింది. ఫోన్ కలిసింది. అవతల ఫాదర్... "మీ అమ్మ పొద్దుగాల్నే ఇంటి దిక్కు పోయింది, ఉండు చూసొస్త" అని ఉరికిండట. అంకుల్ బాపు భుజం ఎంత గట్టిగ పట్టుకుండంటే, అంగీ కుట్టు పటుక్కుమన్నది.

ఎంతసేపటికో ఒక ముసలి గొంతు... రిసీవర్ బయటికి వినొచ్చేటట్టు తిట్లు!

అంకుల్ ఏడ్సుకుంట, నవ్వుకుంట మాకు చెప్పిండు. ఇల్లు కూలింది. కని ఆమె లోపల అడుగే పెట్టలేదు. వరద రాకముందే తలుపులు, కిటికీలు ఊడబీకించి కట్ట మీదికి ఎక్కించిందట. మట్టిగోడ మళ్ళ లేపొచ్చు, మంచి చెక్క మళ్ళ దొరకదని అక్కడి పెద్దోళ్ళు అట్లనే చేస్తరట. వాటికే కావలి కూసున్నది!

"ఫోన్ అని నన్ను ఉరికిచ్చినవు... ఈలోపల నా తలుపు ఎవడన్న ఎత్తుకపోతే నువ్వు చేసిస్తవారా?"... గదీ తిట్టు!

ఇప్పుడు నేను సౌదీలనే రాబిగ్‌ల ఉంటున్న. మా ఊర్ల చినుకు పడ్డా చాలు, ఇంటోళ్ళు వీడియో కాల్‌ల గొడుగుతోటి సహా చూపిస్తరు. మీకు గూడ కండ్లతోటి చూడకుండనే సొంతూరు అయిపోయిన ఊరు ఏదన్న ఉందా? కింద రాయుండ్రి... అబద్ధం రాస్తే దొరికిపోతరు, ఆ విద్యల నేనే మీకు గురువును!

వీడియో కాల్ మంచిదే... కని ఒకరి తల్లి కోసం పక్కింటోళ్ళు ఎండల నిలవడుడు పోయింది. ఎవరి ఫోన్ల వాళ్ళ ఊరే ఉన్నది ఇప్పుడు...